అలవాటు మారేది ఎవరి మాటకు?

2021 నవంబరులో గ్లాస్గో వాతావరణ సదస్సులో భారత ప్రధాని 'లైఫ్' అన్న నినాదాన్ని ప్రపంచం ముందు పెట్టారు. పర్యావరణానికి అనువైన జీవనశైలి అని దాని సారాంశం. 2022 అక్టోబరు 20న గుజరాత్‌లోని కేవడియాలో, ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి గుటెరెస్ సమక్షంలో, అదే 'మిషన్ లైఫ్' పేరుతో కార్యక్రమంగా మొదలైంది. దానితోపాటు వ్యక్తులు చేయదగిన 75 పనుల జాబితా వచ్చింది. ఎల్‌ఈడీ బల్బులు వాడండి, బస్సెక్కండి, గుడ్డ సంచి పట్టుకెళ్లండి, చిరుధాన్యాలు తినండి, ఎర్ర దీపం దగ్గర ఇంజను ఆపండి. ఇలా సాగుతుంది ఆ జాబితా.

ఆ జాబితాను తమిళనాడులోని ధర్మపురి జిల్లా తుంబలహళ్లి వంటి చోట కూర్చుని చదివితే కొంత విడ్డూరంగా ఉంటుంది. ఈ పేరు చెబితే చాలామందికి అక్కడి చిన్న జలాశయమే గుర్తొస్తుంది. వానను నమ్ముకున్న సేద్యం, భూగర్భ జలాల్లో ఫ్లోరైడు, పని కోసం బెంగళూరుకో తిరుప్పూరుకో బస్సెక్కే యువకులు, ఇదీ ఈ సీమ తీరు. దక్షిణ పినాకిని నీటిని ఎణ్ణేకోల్‌పుదూరు నుంచి కాలువ తవ్వి తుంబలహళ్లి దాకా తెమ్మని రైతులు ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. తమిళంతో పాటు తెలుగు, కన్నడం మాట్లాడే ఇళ్లున్న సరిహద్దు ప్రాంతమిది. ఆ 75 పనుల్లో సగానికి సగం ఇక్కడి ముసలివాళ్లు ఎవరూ చెప్పకుండానే చేసినవి. ఎర్ర దీపం ఎలాగూ లేదు.

కాబట్టి, వాతావరణానికి మేలుచేసే అలవాట్ల వైపు మనుషుల్ని నడిపించేది ఏమిటన్న ప్రశ్న ఇక్కడ రెండు ముక్కలవుతుంది. కొత్త అలవాటు ఎందుకు పట్టుబడుతుంది? ఉన్న మంచి అలవాటు ఎందుకు జారిపోతుంది? మొదటిదాని మీద నలభై ఏళ్లుగా పరిశోధన పేరుకుపోయింది. రెండోదాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. చర్చ చిక్కుపడిన చోటు కూడా ఇదేనని అనిపిస్తుంది.

చెబితే మారతారన్న నమ్మకం

అన్నిటికన్నా పాత వాదం ఇది. జనానికి తెలియదు, తెలిస్తే మారతారు. బడిలో వ్యాసరచన పోటీలు, గోడరాతలు, ర్యాలీలు, చేయి ముందుకు చాచి చేసే ప్రతిజ్ఞలు అన్నీ దీని పిల్లలే. ప్రభుత్వాలకు ఇది ఇష్టమైన దారి కూడా. ఖర్చు తక్కువ, ఫొటోలు బాగా వస్తాయి.

పండితులు దీన్ని చాలా కాలం కిందటే ప్రశ్నించారు. 2002లో కోల్‌మస్, అగ్యేమన్ అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన నమూనాలన్నీ సమీక్షించి, తెలియడానికీ చేయడానికీ మధ్య ఉన్న అగాధాన్ని ఏ ఒక్క నమూనా పూడ్చలేదని తేల్చారు. అంతకుముందే 1991లో ఐజెన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తన సిద్ధాంతంలో మూడు అంశాలు పెట్టాడు: ఆ పని మీద మనకున్న అభిప్రాయం, చుట్టూ ఉన్నవాళ్లు మన నుంచి ఆశించేది, ఆ పని మన చేతిలో ఉందన్న ధీమా. పోస్టర్లు వేసేవాళ్లకు మొదటిదే కనిపిస్తుంది. గంటకో బస్సు కూడా రాని ఊళ్లో బస్సెక్కమని చెప్పడం ఎందుకు వృథాయో మూడోది చెబుతుంది. పాల్ స్టెర్న్ బృందం మరో మెట్టు లోపలికి వెళ్లింది. మనిషి విలువల నుంచి నమ్మకాలు, ఆ నమ్మకాల నుంచి 'ఇది నా బాధ్యత' అన్న భావం పుడతాయని వాళ్ల వాదం.

నీతి చెబితే ఎవరూ వినరని అనడం కూడా తప్పే. 2015 మార్చిలో మొదలైన 'గివ్ ఇట్ అప్' పిలుపుకు కోటికి పైగా కుటుంబాలు వంటగ్యాస్ రాయితీ వదులుకున్నాయి. మీరు వదిలిన రాయితీ కట్టెల పొయ్యి ముందు కూర్చున్న ఒక పేద ఇల్లాలికి చేరుతుందని చెప్పడం పనిచేసింది. అయితే మూడు సంగతులు గమనించాలి. వదులుకోవడానికి ఫోను సందేశం ఒకటి చాలు. అంతర్జాతీయ చమురు ధరలు పడిపోయిన రోజులవి, వదులుకునే మొత్తమూ చిన్నదే. పైగా వదులుకున్నవాళ్ల మనసులో ఉన్నది పేదింటి పొయ్యి, భూతాపం కాదు. ఆ మరుసటి ఏడాది జనవరి నుంచే పది లక్షలు దాటిన ఆదాయం ఉన్నవాళ్లకు రాయితీ తీసేస్తూ నిబంధన వచ్చింది. పిలుపు ఎంత గెలిచినా సర్కారు దాని మీదే ఆధారపడలేదు.

డబ్బు చేసే పని, చెడగొట్టే పని

రెండో వాదం ఆర్థికవేత్తలది. ధర సరిచేయండి, అలవాటు తానే సరిపడుతుంది. దీనికి మన దేశంలో ఎల్‌ఈడీ బల్బును మించిన సాక్ష్యం లేదు. 2014లో ప్రభుత్వ సంస్థ ఒక్కో బల్బును సుమారు 310 రూపాయలకు కొన్నది. టోకున కొనే కొద్దీ ధర దిగి 2016 నాటికి 38 రూపాయలకు చేరింది. 2015 జనవరిలో ఉజాలా పేరుతో దేశమంతటా విస్తరించిన ఈ పథకం కింద 36 కోట్లకు పైగా బల్బులు ఇళ్లకు చేరాయి. ఆంధ్రప్రదేశ్ దీన్ని మొదట్లోనే అందుకున్న రాష్ట్రాల్లో ఒకటి. హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖపట్నం వీధిదీపాలన్నీ ఎల్‌ఈడీలయ్యాయి. ఎవరికీ ఉపన్యాసం అవసరం రాలేదు.

కానీ బల్బు మార్చడం అలవాటు కాదు. ఒకసారి చేసి మరిచిపోయే పని. గది దాటుతూ స్విచ్చి ఆపడం అలవాటు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లే సగం వాదోపవాదాలు వచ్చాయి. ఒకసారి కొనే వస్తువు మీద డబ్బు బలంగా పనిచేస్తుంది. అది రెండు వైపులా పదునైన కత్తి కూడా. విద్యుత్ ద్విచక్ర వాహనాలకు కేంద్రం ఇచ్చే రాయితీని 2023 జూన్‌లో బాగా కోసేసరికి ఆ ఒక్క నెలలోనే అమ్మకాలు సగానికి పైగా పడిపోయాయి. ఆ బళ్లు తయారయ్యే హోసూరు, పోచంపల్లి కర్మాగారాలు ధర్మపురికి పక్కనే ఉన్నాయి. బండి కొన్నవాళ్లలో ఎంతమందిని గాలి గురించిన దిగులు నడిపించింది, ఎంతమందిని రాయితీ నడిపించింది అన్నది ఆ నెల లెక్కలే చెప్పాయి.

రోజూ చేయాల్సిన పనికి వచ్చేసరికి డబ్బు ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది. ఇజ్రాయెల్‌లో పిల్లల సంరక్షణ కేంద్రాల మీద జరిగిన ప్రయోగం (2000లో అచ్చయింది) ఇందుకు తరచూ చెప్పే ఉదాహరణ. పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు జరిమానా పెడితే ఆలస్యాలు పెరిగాయి. తప్పుగా అనిపించినది ధర కట్టి కొనుక్కునే సేవగా మారింది. జరిమానా ఎత్తేసినా పాత మర్యాద తిరిగి రాలేదు. ఢిల్లీ చుట్టుపక్కల అపార్టుమెంట్లలో అనంత్ సుదర్శన్ చేసిన అధ్యయనం మనకు ఇంకా దగ్గరిది. మీ కరెంటు వాడకం ఇంత, ఇరుగుపొరుగుది ఇంత అని వారంవారం చీటీ పంపితే వేసవి వాడకం సుమారు 7 శాతం తగ్గింది. అదే చీటీకి డబ్బు ప్రోత్సాహం కూడా జతచేస్తే ఆ తగ్గుదల కనబడకుండా పోయింది.

ఇక్కడ తెలుగు, తమిళ రాష్ట్రాల ఉచిత కరెంటు పద్ధతులను పక్కపక్కన పెట్టి చూడాలి. తమిళనాట 2016 నుంచి ప్రతి ఇంటికీ రెండు నెలలకు మొదటి 100 యూనిట్లు ఉచితం. ఎంత వాడినా ఆ వంద మాత్రం దక్కుతుంది. తెలంగాణ గృహజ్యోతి (2024) తీరు వేరు. నెలకు 200 యూనిట్లు దాటకపోతే సున్నా బిల్లు, దాటితే మొత్తం కట్టాలి. రెండోదానిలో 180 దగ్గరున్న ఇంటికి నెలాఖరున మీటరు చూసుకునే పని పడుతుంది. 90 యూనిట్లు వాడే ఇంటికి మాత్రం ఉన్న కాస్త పొదుపు కారణం కూడా పోతుంది. రెండు ప్రభుత్వాలూ వీటిని సంక్షేమ పథకాలుగానే పెట్టాయి. వాతావరణ విధానంగా ఎవరూ రాయలేదు. కానీ ఇంట్లో అలవాటును తీర్చిదిద్దేది ఇలా మరో పేరుతో వచ్చిన నిబంధనలే. ఇంటి కప్పు మీద సౌరఫలకాలకు 'పీఎం సూర్యఘర్' కింద 78 వేల రూపాయల దాకా ఇస్తామన్నా, బిల్లే రాని ఇల్లు దానికోసం మిగతా డబ్బు ఎందుకు పెడుతుంది?

నలుగురూ ఏమనుకుంటారో

మూడో వాదం మనస్తత్వ శాస్త్రజ్ఞులది. మనిషి పక్కవాణ్ణి చూసి నడుస్తాడు. 2008లో గోల్డ్‌స్టీన్, చియల్దీని బృందం అమెరికాలో ఒక హోటల్లో తువ్వాళ్ల మీద ప్రయోగం చేసింది. పర్యావరణం కోసం తువ్వాలు మళ్లీ వాడండి అన్న చీటీకి 35 శాతం మంది స్పందిస్తే, ఈ హోటల్లో దిగినవాళ్లలో ఎక్కువమంది మళ్లీ వాడుతున్నారు అన్న చీటీకి 44 శాతం మంది స్పందించారు. ఈ ఫలితం ఎన్నో పుస్తకాలకెక్కింది. జర్మనీలో మళ్లీ చేస్తే మాత్రం అదే ఫలితం రాలేదు. 2007లో కాలిఫోర్నియాలోని సాన్ మార్కస్ ఊళ్లో చేసిన మరో ప్రయోగం ఒక హెచ్చరిక వదిలింది. పొరుగువాళ్ల సగటు ఇంత అని చెప్పినప్పుడు ఎక్కువ వాడేవాళ్లు తగ్గారు, తక్కువ వాడేవాళ్లు పెరిగారు. ఆ పెరుగుదలను ఆపడానికి ఇంటి తలుపుకు తగిలించిన చీటీ మీద ఒక నవ్వు ముఖం బొమ్మ వేయాల్సి వచ్చింది.

ఆ హెచ్చరిక ధర్మపురికి సూటిగా తగులుతుంది. సగటు భారతీయుడి ఖాతాలో ఏటా పడే కార్బన్ డయాక్సైడు దాదాపు రెండు టన్నులు, అమెరికన్‌ది పద్నాలుగు దాకా. తుంబలహళ్లి వైపు కూలి ఇంటిది ఆ రెండు కన్నా కూడా తక్కువే ఉంటుంది. ఇలాంటి చోట నలుగురిలో పరువు ఏ దిక్కుకు లాగుతుంది? నడక నుంచి మోటారు సైకిలుకు, పెంకుటింటి నుంచి మధ్యాహ్నం పొయ్యిలా కాగే కాంక్రీటు మేడకు, అక్కణ్ణుంచి ఏసీకి. పాశ్చాత్య ప్రయోగాలు 'నలుగురూ' అన్నప్పుడు ఆ నలుగురూ మంచి వైపు ఉన్నారని ముందే అనుకున్నాయి. ఇక్కడ అలా అనుకోలేం.

నలుగురి మాట మంచి వైపు లాగిన ఉదాహరణ ఒకటి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయం మహిళా సంఘాల భుజాల మీదే విస్తరించింది. చెప్పింది అధికారి కాదు, అదే ఊళ్లో అదే నేల దున్నే మరో రైతు. 2024లో దీనికి గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. రైతులను అటు నడిపించిన కారణాల్లో ఎరువుల ఖర్చు, అప్పు, ఇంటి ఆరోగ్యం ముందున్నాయి. వాతావరణం చాలా వెనక ఉంది.

ఏర్పాటు లేనిదే అలవాటు లేదు

నాలుగో వాదం మిగతా మూడింటి మీదా కోపంతో పుట్టింది. మనిషి మనసును ఇంతగా తవ్వడం ఎందుకు? వంట, ప్రయాణం, స్నానం వంటి పనులు పైపులు, రోడ్లు, అంగళ్లు, వేళలు కలిసి నడిపే ఆచారాలు. వాటిని మార్చకుండా మనిషిని తప్పుపట్టడం అన్యాయం అంటుంది ఎలిజబెత్ షోవ్ 2010లో రాసిన వ్యాసం. ఇదే కోపానికి మరో రూపం, వ్యక్తి 'కార్బన్ పాదముద్ర' అన్న మాటను 2000ల నడుమ ప్రచారం చేసింది బీపీ అనే చమురు కంపెనీ అని గుర్తుచేయడం. నేరం కంపెనీది, పశ్చాత్తాపం వినియోగదారుడిదా అని వీళ్ల ప్రశ్న. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం (ఐపీసీసీ) నివేదిక మధ్యేమార్గం చెప్పింది. వాడకం వైపు మార్పులతో 2050 నాటికి ఆయా రంగాల ఉద్గారాలు 40 నుంచి 70 శాతం తగ్గించే వీలుంది. అయితే దానికి సౌకర్యాలూ సాంకేతికతా ముందు అందాలి. ఇళ్ల ఉద్గారాల్లో 34 నుంచి 45 శాతం పైమెట్టున ఉన్న పది శాతం కుటుంబాలదేనని కూడా ఆ నివేదికే చెప్పింది.

ఈ వాదానికి దక్షిణాదిలో గట్టి సాక్ష్యం బస్సు. తమిళనాడులో 2021 మేలో, కర్ణాటకలో 2023 జూన్‌లో, తెలంగాణలో అదే ఏడాది డిసెంబరులో, ఆంధ్రలో 2025 ఆగస్టులో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. తమిళనాట ఒక్కో ప్రయాణికురాలికి నెలకు సగటున 888 రూపాయలు మిగులుతున్నాయని ఆ రాష్ట్ర ప్రణాళికా సంఘం అధ్యయనం లెక్కగట్టింది. వాతావరణం అన్న మాట ఒక్కసారీ వినిపించకుండా కోట్ల ప్రయాణాలు బస్సు మీదికి వచ్చాయి. ఒక అభ్యంతరం ఉంది: వీటిలో చాలా ప్రయాణాలు అంతకుముందు అసలు జరగనివి లేదా కాలినడకన జరిగినవి. మోటారు బండి దిగి బస్సెక్కినవాళ్లు ఎందరన్నదే ఉద్గారాల లెక్కకు కావాలి. ఆడవాళ్ల స్వేచ్ఛ లెక్క వేరు, అది ఇప్పటికే గెలిచింది.

అలవాటు ఎప్పుడు మారుతుందన్న దాని మీద కూడా ఈ వాదానికి ఊతమిచ్చే పరిశోధన ఉంది. 2010లో లండన్‌లో లాలీ బృందం 96 మందిని గమనించి, కొత్త పని అలవాటుగా కుదరడానికి సగటున 66 రోజులు పడుతుందనీ, మనిషినిబట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంటుందనీ చెప్పింది. ఇల్లు మారిన తొలి మూడు నెలల్లో మనుషులు కొత్త పద్ధతులకు ఎక్కువ లొంగుతారని 2016లో వెర్‌ప్లాంకెన్, రాయ్ చూపారు. ధర్మపురి నుంచి బెంగళూరు వెళ్లే కుర్రవాడికి ఆ మూడు నెలలూ దొరుకుతాయి. ఆ సమయంలో అతనికి ఎదురయ్యేది బస్సు పాసా, వాయిదాల మీద బండి అమ్మే దుకాణమా అన్నదే తేడా.

పసుపు సంచి, పది రూపాయల సీసా

తమిళనాడు 2019 జనవరి 1 నుంచి ఒకసారి వాడి పారేసే 14 రకాల ప్లాస్టిక్ వస్తువులను నిషేధించింది. చేతి సంచులు సంతల్లో కొంతకాలం మాయమై మళ్లీ వచ్చాయి. 2021 డిసెంబరులో 'మీండుం మంజప్పై' పేరుతో పసుపు సంచి ప్రచారం మొదలైంది. ఒకప్పుడు పెళ్లిలో తాంబూలం పెట్టిచ్చిన పసుపు సంచి, తర్వాతి కాలంలో పల్లెటూరివాడి గుర్తుగా సినిమాల్లో ఎగతాళికి గురైంది. ఆ ఎగతాళిని తిప్పికొట్టి సంచికి గౌరవం తేవడం ఈ ప్రచారం ఉద్దేశం. పది రూపాయలు వేస్తే సంచి ఇచ్చే యంత్రాలు కూడా పెట్టారు. మనస్తత్వం తెలిసినవాళ్లు చేసిన ఆలోచన ఇది, మెచ్చుకోవాలి. కానీ చేపలవాళ్ల దగ్గరా పూల బుట్టల దగ్గరా పలచని కవరు కాణీ ఖర్చు లేకుండా దొరుకుతున్నంత కాలం సంచికి దక్కిన గౌరవం ఇంట్లో మేకుకు వేలాడుతూనే ఉంటుంది.

దీని పక్కన తమిళనాడు ప్రభుత్వ మద్యం సంస్థ టాస్మాక్ అమ్మే సీసాను పెట్టండి. అడవుల్లో పగిలిన సీసాలు ఏనుగుల పాదాల్లో దిగుతున్నాయన్న గోడు మద్రాసు హైకోర్టుకు చేరింది. కోర్టు ఆదేశంతో 2022లో నీలగిరుల్లో ఒక పద్ధతి పెట్టారు. సీసాకు పది రూపాయలు అదనంగా తీసుకుంటారు, ఖాళీ సీసా తిరిగిస్తే పదీ తిరిగిస్తారు. అక్కడ తొంభై శాతానికి పైగా సీసాలు తిరిగొచ్చాయి. తర్వాత దశలవారీగా ఇతర జిల్లాలకు విస్తరించారు. అంగళ్లలో పనిచేసేవాళ్లు ఖాళీ సీసాల బరువు తమ మీద పడిందని ఆందోళన చేశారు, అందులోనూ న్యాయముంది.

తాగి ఉన్న మనిషి కూడా సీసా తిరిగిస్తున్నాడు. మెలకువగా ఉన్న మనిషి సంచి మరిచిపోతున్నాడు. అవగాహన మీద పెట్టుకున్న ఆశలకు ఇంతకన్నా పెద్ద పరీక్ష అక్కర్లేదు. పది రూపాయలు చిన్న మొత్తమే, కానీ అది అప్పటికే మన జేబులోంచి పోయిన పది. ఇస్తామన్న రాయితీ కన్నా పోయినదాన్ని రాబట్టుకోవడం మనిషికి ముఖ్యం.

తిరుమల మూడో దారి. అక్కడ ముందు ప్లాస్టిక్ నీళ్ల సీసాలనూ, 2022 జూన్ నుంచి ప్లాస్టిక్‌ను మొత్తంగానూ ఆపారు. కొండ కింద అలిపిరి దగ్గర తనిఖీ ఉంది, కొండ మీద నీటి కుళాయిలున్నాయి, పవిత్ర స్థలమన్న భావన ఉంది. మూడూ కలిశాయి కాబట్టి సాగుతోంది. కొండ దిగిన భక్తుడు మొదటి టీకొట్టు దగ్గరే పాత మనిషి అవుతాడు.

సంగటి ఎందుకు పోయింది

ఈ సీమకు సంబంధించినంత వరకు అసలు పాఠం కంచంలో ఉంది. ధర్మపురి, కృష్ణగిరి రాగుల నేలలు. రాగికి వరికున్నంత నీటి దాహం లేదు. నీరు నిలిచిన మడిలోంచి వెలువడే మీథేన్ దీని చేలో ఉండదు. రాగి సంగటి ఒకప్పుడు ఇక్కడివాళ్లకు రోజువారీ తిండి. అది పక్కకు పోవడానికి ఎవరూ ప్రచారం చేయలేదు. 1983లో ఎన్టీఆర్ ఆంధ్రలో కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చారు. తమిళనాడులో 2006లో రెండు రూపాయలు, 2008లో రూపాయి, 2011 జూన్ నుంచి ఉచితం. ఆకలి తీర్చిన పథకాలివి, వాటిని తక్కువ చేయడం పాపం. కానీ తెల్లన్నం పండగ తిండి నుంచి ప్రతిపూట తిండి అయ్యేసరికి, రాగి 'కూలివాళ్ల తిండి' అన్న ముద్ర ఇంకా గట్టిపడింది. ధర, పరువు, ఏర్పాటు మూడూ ఒకే దిక్కుకు లాగాయి. ఒక తరంలో అలవాటు మారిపోయింది. మనుషుల అలవాట్లు మారవని విసుక్కునేవాళ్లు ఈ వేగాన్ని ఒకసారి చూడాలి.

శ్రమ సంగతి కూడా ఉంది. రాగులు కడిగి, ఎండబెట్టి, మరకు పట్టుకెళ్లి, పిండి తెచ్చి, ఉడుకుతున్న కుండలో ఉండ కట్టకుండా కట్టెతో కెలకడం ఎవరి పని? బియ్యం ఎసట్లో పోస్తే అన్నం. సంగటిని పొగిడే వ్యాసాల్లో ఆ కెలికే చేయి తరచూ కనిపించదు. వాతావరణ అలవాట్ల జాబితాలో చాలా భాగం ఇల్లాలి పనిగంటలను పెంచేవే: తడి చెత్త పొడి చెత్త వేరు చేయడం, గుడ్డ డైపర్లు ఉతకడం, నీళ్లు పట్టి మళ్లీ వాడటం. ఒడిశాలో హన్నా, డుఫ్లో, గ్రీన్‌స్టోన్ పొగ తగ్గించే పొయ్యిల మీద నాలుగేళ్లు చేసిన అధ్యయనం ఇదే చెప్పింది. మొదటి ఏడాది పొగ తగ్గింది. తర్వాత పొయ్యిలు శుభ్రం చేసి బాగుచేసుకునే ఓపిక లేక ఆ మేలు కరిగిపోయింది. కట్టెల వాడకం తగ్గనే లేదు. అదే గ్యాస్ పొయ్యి ఆడవాళ్ల శ్రమ తగ్గించింది కాబట్టే అందరికీ కావాలనిపించింది. 1999లో ఆంధ్రలో 'దీపం', 2016లో దేశమంతటా 'ఉజ్వల' ఆ కోరికను తీర్చాయి. రెండో సిలిండరు ధర దగ్గరే కట్టెలు మళ్లీ ఇంట్లోకి వచ్చాయి. ఉజ్వల ఇళ్లలో 2019-20 నాటికి ఏడాదికి సగటున మూడు సిలిండర్లే వాడారు.

2023 మేలో తమిళనాడు ప్రభుత్వం నీలగిరి, ధర్మపురి జిల్లాల్లో, బియ్యం బదులు నెలకు రెండు కిలోల రాగులు తీసుకునే వీలు కల్పించింది. రాగులను ధర్మపురి, కృష్ణగిరి రైతుల నుంచే కనీస మద్దతు ధరకు కొన్నారు. 2022-23లో క్వింటాలు రాగులకు ఆ ధర 3,578 రూపాయలు, సాధారణ వరికి 2,040. అంటే అమ్మేవాడికి కారణం ఉంది, కొనేవాడికి అదనపు ఖర్చు లేదు. ఇంతకాలం బియ్యాన్ని నడిపించిన ఏర్పాటే ఇప్పుడు రాగులనూ మోస్తోంది. పరువు వైపు నుంచి పట్టణాలు తోడయ్యాయి. చక్కెర జబ్బు భయంతో నగరాల్లో రాగి జావ, రాగి దోస ఖరీదైన తిండి అయ్యాయి. పల్లె వదిలేసిన తిండిని నగరం నెత్తిన పెట్టుకోవడం చూసి నవ్వు రావచ్చు. కానీ ఆ నగరం నుంచే పల్లెకు ఇప్పుడు గౌరవం తిరిగొస్తోంది.

పక్కపక్కన పెట్టి చూస్తే

ఒకసారి చేసే పనికి (బల్బు, బండి, సౌరఫలకం) ధర తగ్గించడం అన్నిటికన్నా వేగం, అయితే ధర తిరిగి పెరిగితే ఆగిపోతుంది. రోజూ చేసే పనికి (సంచి, స్విచ్చి) డబ్బు కన్నా ఏర్పాటు ముఖ్యం. ఏర్పాటు లేని చోట పోయిన డబ్బు తిరిగొచ్చే సీసా పద్ధతి పనిచేస్తుంది. పొరుగుతో పోలిక ఎక్కువ వాడేవాళ్ల మీద పనిచేస్తుంది, తక్కువ వాడేవాళ్లను చెడగొట్టగలదు. నీతిబోధ ఒంటరిగా నిలవదు, కానీ నిబంధన రాబోయే ముందు దారి చదును చేయగలదు. గ్యాస్ రాయితీ విషయంలో జరిగింది అదే. చట్టం నిర్మాణాన్ని తెస్తుంది, పోషణను తేలేదు. 2003లో తమిళనాడు ప్రతి ఇంటికీ వాననీటి ఇంకుడు ఏర్పాటు తప్పనిసరి చేసినప్పుడు గొట్టాలు వేగంగా వెలిశాయి, భూగర్భ జలం కొంత పెరిగింది కూడా. ఏటా వానకు ముందు వాటి మట్టి తీసే అలవాటు మాత్రం రాలేదు. 2019 వేసవిలో చెన్నై నీళ్ల రైళ్ల కోసం ఎదురుచూసింది.

తేలని సంగతులు

ఒక మంచి అలవాటు మరోదాన్ని వెంటపెట్టుకొస్తుందా, లేక సంచి పట్టుకెళ్లాను కదా అని ఏసీ ఇంకాసేపు వేసుకుంటామా? రెండు వైపులా అధ్యయనాలున్నాయి, చూపిన ప్రభావాలు చిన్నవి. ప్రోత్సాహం ఆపేశాక అలవాటు నిలుస్తుందా అన్నది ఇంకా పెద్ద ప్రశ్న, ఎందుకంటే చాలా అధ్యయనాలు కొన్ని నెలలతో ముగుస్తాయి. పై ప్రయోగాల్లో ఎక్కువ భాగం అమెరికాలోనో ఐరోపాలోనో జరిగాయి. ఢిల్లీ అపార్టుమెంట్లు కూడా ధర్మపురికి దూరమే.

అన్నిటికన్నా మొండి ప్రశ్న నైతికమైనది. లేమి వల్ల తక్కువ వాడే మనిషిని 'పర్యావరణ హితుడు' అని పొగడటం, ఏసీ గదిలోంచి ఎండలో ఉన్నవాణ్ణి మెచ్చుకోవడమే. తుంబలహళ్లి కూలి ఇంటికి ఇంకాస్త కరెంటు, ఇంకాస్త ప్రయాణం హక్కుగా రావాలి. ఆ 'ఇంకాస్త'ను ఎలా ఇస్తామన్నదే అసలు విధానం: కాంక్రీటు పెట్టెలా, చల్లటి కప్పులా? బస్సా, బండి వాయిదాలా? వ్యక్తి మారాలా వ్యవస్థ మారాలా అన్న పోట్లాట ఇక్కడ చాలావరకు అర్థం కోల్పోతుంది. మారాల్సిన వ్యక్తులు పైన ఉన్నారు, మారాల్సిన వ్యవస్థ కింద అందరికీ కావాలి. వాతావరణం పేరు చెప్పి ఎవరినీ కదిలించలేకపోయిన చోట జేబు, శ్రమ, పరువు కదిలించాయి. ఆ పేరు చెప్పకపోతే నష్టమేమీ లేదని నా అభిప్రాయం. చెబితే గొప్ప అన్న పట్టింపు కార్యకర్తలదే తప్ప గాలిది కాదు.

ఇక్కడ తమిళనాడు పౌరసరఫరాల శాఖకు ఒక విన్నపం. రేషన్ అంగట్లో ప్రతి అమ్మకం యంత్రంలో నమోదవుతుంది. ధర్మపురిలో ఏ నెలలో ఎన్ని కార్డులు రాగులు అడిగాయి, అడిగినవాళ్లు మరుసటి నెల మళ్లీ అడిగారా, ఏ అంగట్లో సరుకు లేక వెనక్కి వెళ్లారు అన్నది ఆ నమోదుల్లోనే దొరకాలి. పేర్లు తీసేసి, అంగడివారీగా ఆ లెక్క బయటపెట్టండి. విదేశీ హోటళ్ల తువ్వాళ్ల మీద కాక, మన కంచాల మీద మనమే వాదించుకోవడానికి అది చాలు.